వద్దన్న బియ్యం

మా సంఘంలో ఒక అలవాటుంది. ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోయడానికి కొలుచుకున్న బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి గుప్పెడు. వారమంతా పోగైన ఆ బియ్యాన్ని ఆదివారం చిన్న గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తెస్తారు. కానుకల పాట మొదలవగానే ఒకరి వెనక ఒకరు లేచి వచ్చి, వేదిక పక్కనున్న రేకు డ్రమ్ములో గుమ్మరిస్తారు. ఆ బియ్యం పాస్టరు ఇంటికి వెళ్తుంది. మా పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆవిడా బతికింది ఆ డ్రమ్ము మీదే. తరవాత ఒక ఆదివారం, అదే డ్రమ్ము పక్కన నిలబడి, ఇక బియ్యం తేవద్దని నేనే చెప్పాను.

నేను పుట్టింది గుడివాడ దగ్గర పల్లెలో. మా నాన్న పొలం కూలీ. ఇంటర్ లెక్కల్లో తప్పాక గుడివాడలో ఒక మైక్ సెట్ కొట్లో పనికి కుదిరాను. మూఢం రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి కొట్లో ఈగలు తోలుకోవడమే పని. శాఖా గ్రంథాలయం అదే వీధిలో ఉండేది. మొదట ఫ్యాను కోసం వెళ్ళాను. పేపర్లయిపోయాక వారపత్రికలు, అవి అయిపోయాక బీరువాలు. సరళీ స్వరాలు నాకు గురువు నేర్పలేదు. ఒక పాత సంగీత పుస్తకంలో చూసి, కొట్లో మూలపడి ఉన్న హార్మోనియం మెట్ల మీద సుద్దముక్కతో అక్షరాలు రాసుకుని నేర్చుకున్నాను. కృష్ణా డెల్టా కాలువల చరిత్ర, మొక్కల మీద, మనిషి శరీరం మీద, అర్థశాస్త్రం మీద పుస్తకాలు, అర్థం కాని చోట నిఘంటువు. గ్రంథాలయాధికారి నా పేరున కార్డు రాసిచ్చిన రోజు మా అమ్మకు దాన్ని చూపించి, ఇది డిగ్రీ కాగితం కంటే తక్కువది కాదని చెప్పాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

పాటలు రాయడం ఆ తరవాత వచ్చింది. ప్రార్థన కూటాలకు మైకులు కట్టడానికి వెళ్ళి, పాడేవాళ్ళు రాని చోట హార్మోనియం ముందు కూర్చునేవాణ్ణి. మొదట ఊరివాళ్ళ పాటలు, తరవాత నావి. అలా పాడుతూ పాడుతూ సేవలోకి వచ్చాను. దివిసీమలో కోడూరు దాటాక ఉన్న ఒక చిన్న సంఘం నన్ను పిలిచింది. కాపురం మాత్రం బందరులో పెట్టాం. పాస్టరు పని చేస్తూనే అక్కడ సొంతంగా సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే వ్యాపారం మొదలుపెట్టాను. మా స్పీకర్లు పెళ్ళికి వెళ్ళేవి, ఎన్నికల సభకు వెళ్ళేవి, అమ్మవారి తిరునాళ్ళకు వెళ్ళేవి, అక్కణ్ణుంచి దులుపుకుని ఉజ్జీవ కూటాలకు వచ్చేవి. పెడనలో అచ్చు తప్పిన కలంకారీ గుడ్డ చవగ్గా దొరుకుతుంది. మా ఆవిడ దానితో స్పీకర్లకు తొడుగులు కుట్టేది. నెమళ్ళ తొడుగులున్న పెట్టెలంటే మావేనని బందరులో అందరికీ తెలుసు.

సంఘంలో పాట ఎత్తుకునేది నేను కాదు. అరవై దాటిన ఒకావిడ ఉండేది. అందరూ పాటల మామ్మ అనేవాళ్ళు. చదువు రాదు. చెయ్యి చూస్తే నాట్లేసిన చెయ్యి అని తెలిసిపోతుంది. నేను శ్రుతి ఇస్తే దాన్ని పట్టించుకోకుండా తన శ్రుతిలో ఎత్తుకునేది. మెట్లు వెతుక్కుంటూ నేను ఆమె వెనకాల వెళ్ళాల్సిందే. మొదట్లో అది నాకు చిన్నతనంగా ఉండేది. తరవాత ఒకటి గమనించాను. నేను రాసిన పాట నేను పాడితే జనం వింటారు. ఆమె ఎత్తుకుంటే జనం పాడతారు. అందుకే కొత్త పాట రాసినప్పుడల్లా ముందు ఆమెకే వినిపించేవాణ్ణి. నచ్చకపోతే ఆమె ఏమీ అనేది కాదు, ఆ ఆదివారం దాన్ని మరిచిపోయేది, అంతే.

కానుకల పాట మాత్రం ఎప్పుడూ ఆమెదే. మొదటి చరణం ఎత్తుకుని, పాడుతూనే లేచి, గుడ్డసంచి పట్టుకుని అందరికంటే ముందు నడిచేది. మిగిలినవాళ్ళు ఆమె వెనక వచ్చేవాళ్ళు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో నేను అడగలేదు. నేను వచ్చేనాటికే ఉంది.

వ్యాపారం నిలదొక్కుకున్నాక మా ఇంట్లో సన్నబియ్యం వండడం మొదలైంది. డ్రమ్ములో బియ్యం కలగలుపుగా ఉంటాయి. ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది పొలం గింజ, ఒకరిది పాతవి, ఒకరిది కొత్తవి. ఎంత చూసి వండినా సగం మెత్తబడిపోతాయి, సగం పలుకు మిగిలిపోతాయి. పిల్లలు మేం తినం అన్నారు. పక్కింటివాళ్ళు నాటుకోళ్ళు పెంచేవాళ్ళు. మా ఆవిడ కొన్నాళ్ళు ఆ బియ్యం వాళ్ళకిచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ ఆమె ముఖం ఒకలా ఉండేది. దేవుడి బియ్యమండీ, కోళ్ళకేస్తున్నాం అని ఒకసారి అంది.

ఆ రోజుల్లోనే జిల్లా గ్రంథాలయంలో పేదరికం మీద ఒక పుస్తకం చదివాను. లేనివాళ్ళు తమకున్నదాంట్లో ఇచ్చే భాగం ఉన్నవాళ్ళు ఇచ్చేదానికంటే చాలా పెద్దదని అందులో వివరంగా ఉంది. నా మనసులో రెండూ కలిసిపోయాయి. ఒకటి ఆ పుస్తకం, రెండోది కోళ్ళు. మొదటిది బయటికి చెప్పాను.

ఈస్టర్ దాటిన ఆదివారం ప్రసంగం చివర ఆ పుస్తకంలో సంగతి విడమరిచి చెప్పాను. నాకు దేవుడు వ్యాపారం ఇచ్చాడు, మీ పిల్లల నోటి దగ్గరి బియ్యం నాకెందుకు, వచ్చే వారం నుంచి తేవద్దు, మీరే వండుకు తినండి అన్నాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ గుండె నిండిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం వంతెన మీదుగా బందరు వస్తూ మా ఆవిడతో ఆ మాటే అన్నాను. ఆమె బండి వెనక కూర్చుని నది వైపు చూస్తూ, మామ్మ తలెత్తలేదండీ అంది.

తరవాతి ఆదివారం డ్రమ్ము తీయించేశాం. కానుకలకు సంచి తిప్పడం మొదలుపెట్టాం. దాని పక్కనే ఫోనుతో స్కాన్ చేసే కాగితం కూడా అంటించాం. కానుకల పాట వేళకు నేను శ్రుతి ఇచ్చి ఆగాను. మామ్మ లేవలేదు. ఎప్పుడూ కూర్చునే ముందు వరసలో కాకుండా వెనక గోడ దగ్గర చాప మీద ఉంది. నేనే ఎత్తుకున్నాను. సంచి ఆమె ముందుకొచ్చింది, ఆమె ఒళ్ళో చేతులు అలాగే ఉన్నాయి, సంచి పక్కకెళ్ళిపోయింది.

రెండు మూడు వారాల్లో మిగతా పాటలకు కూడా ఆమె గొంతు వినిపించడం మానేసింది. ఒంట్లో బాగాలేదేమోనని కబురు చేశాను. బాగానే ఉన్నానండి అని జవాబు వచ్చింది. పాట పలచబడింది. నేను అందుకు మందు నాకు తెలిసిన వ్యాపారంలోనే వెతికాను. కీబోర్డు కొన్నాను, రెండు పెద్ద పెట్టెలు బందరు నుంచి తెచ్చి అక్కడే ఉంచాను. ఇద్దరు కుర్రాళ్ళకు మైకులిచ్చాను. శబ్దం పెరిగింది. జనం వినడానికి అలవాటు పడ్డారు.

ఆ వర్షాకాలం కృష్ణకు వరద వచ్చింది. లంకల్లో నీళ్ళు నిలిచాయి, మా సంఘం ఉన్న ఊళ్ళో పల్లపు వీధి మునిగింది. నాకు తెలిసిన టెంట్ హౌస్ వాళ్ళనీ, మైక్ సెట్ వాళ్ళనీ కూడగట్టి పదేసి కిలోల బియ్యం సంచులు పంచాం. ఇటువంటి పనులు నేను మనసుపెట్టి చేస్తాను, ఆ విషయంలో నన్ను నేను తప్పుపట్టుకోను. బడి వరండాలో ఫ్లెక్సీ కట్టారు. సాయం చేసినవాళ్ళు ఫొటోలు అడుగుతారు కాబట్టి, ఒక్కొక్కరికీ సంచి అందిస్తున్నప్పుడు ఫొటో తీసే ఏర్పాటు కూడా చేశాం.

వరసలో మామ్మ వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. సంచి ఆమె చేతుల్లో పెట్టాను. ఇటు చూడండి అన్నాడు ఫోను పట్టుకున్నతను. ఆమె అటు చూడలేదు, నన్ను చూసింది. ఆమె వెనక మా సంఘంలోదే ఒక చేపలమ్మే ఆవిడ ఉంది. ఊరంతా ఆవిడ నోటికి జడుస్తారు. ఆవిడ పక్కనున్నవాళ్ళతో అన్నట్టుగా, అందరికీ వినపడేలా అంది.

“మా బియ్యం అయ్యగారికి పనికిరాలేదు. అయ్యగారి బియ్యం మాత్రం మనకి పనికొస్తయ్యంట. తీసుకోవే మామ్మా, ఫొటో ఆలస్యమవతంది.”

నలుగురు నవ్వారు. మామ్మ నవ్వలేదు. సంచి చంకనెత్తుకుని నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయింది. మిగతా సంచులు నేను ఎవరికి ఇచ్చానో నాకు గుర్తులేదు.

నీళ్ళు తీశాక ఒక శనివారం పొద్దున మా ఆవిడనీ తీసుకుని మామ్మ ఇంటికి వెళ్ళాను. మళ్ళీ పాట ఎత్తుకోమని అడగాలన్నది నా ఉద్దేశం. కాలనీలో ఒక్క గది శ్లాబు ఇల్లు ఆమెది. గోడకు మోకాలెత్తున వరద చార ఇంకా ఉంది. మమ్మల్ని చూసి మంచం మీద దుప్పటి సర్ది కూర్చోమంది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. ఆమె గిన్నెలో బియ్యం కొలిచింది, అందులోంచి ఒక గుప్పెడు తీసింది, అటక మీదికి చెయ్యెత్తి ఒక నూనె డబ్బాలో వేసింది. మేము చూస్తున్నామని కూడా ఆమెకు తోచలేదు. చేతికి అలవాటైన పని.

మా ఆవిడ లేచి ఆ డబ్బా దించింది. పదిహేను కిలోల డబ్బా, దాదాపు నిండి ఉంది. పైన ఆరిపోయిన వేపాకులు. కింద బియ్యం గూడు కట్టి, పురుగు పాకుతోంది. ధాన్యం నిలవ గురించి చదివింది గుర్తొచ్చి, వేపాకు ఎప్పటికప్పుడు మార్చాలి మామ్మా అన్నాను.

“వేపాకు సంగతి నాకు తెలవదా అండి,” అంది ఆమె. “ఈస్టర్ కాణ్ణుంచి తీసినయ్యి. ఎన్నాళ్ళని ఆగుతయ్యి?”

మరి వండుకోవచ్చు కదా, నేను చెప్పింది అందుకేగా అన్నాను.

ఆమె నా వైపు, అంత చదివినవాడికి ఇది తెలియదా అన్నట్టు చూసింది. “దేవుడి పేరు చెప్పి తీసినయ్యి. మళ్ళీ నా ఎసట్లో ఎట్టా పోసుకుంటానండి? మీరేమో వద్దన్నారు. పారబొయ్యలేను. కోళ్ళకెయ్యలేనుగా.”

మా ఆవిడ తల వంచుకుంది. ఎసరు పొంగి మంట మీద పడితే మామ్మ వెళ్ళి గిన్నె దించి వచ్చి, కింద కూర్చుని, అడగకుండానే చెప్పింది. ఆమె ఉప్పెనలో మిగిలిన మనిషని ఊళ్ళో అందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు. అంతకు మించి తెలియదు. అప్పటికి ఆమె పదహారేళ్ళ పిల్ల, ఇంట్లో పెద్దది, ఏడుగురికి వండేది. నీళ్ళు తీశాక మిగిలింది ఆమె ఒక్కతే. ఎవరో ఇచ్చిన గిన్నెలో మొదటిసారి బియ్యం కొలిస్తే చెయ్యి ఏడుగురికి కొలిచిందట. ఒక్కదానికి కొలవడం ఆ చేతికి రాలేదట. రోజూ అన్నం మిగలడం, రోజూ దాని ముందు కూర్చుని ఏడవడం. అప్పుడున్న పాస్టరమ్మగారు ఒకరోజు వచ్చి పక్కన కూర్చుని, కొలిచినాక ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టవే, అది దేవుడిది, ఆదివారం తీసుకురా అని నేర్పించారట. తరవాత పెళ్ళయింది, ఆయనా పోయాడు, పిల్లలు కలగలేదు. గుప్పెడు మాత్రం తప్పలేదు.

“అది తీసి మీకు తెస్తే నా ఇంట్లో ఇంకోళ్ళకి కూడా వండినట్టుండేదండి,” అంది. “మీరొద్దన్నాక నేనొక్కదాన్నే తింటన్నా.”

పాట ఎత్తుకోమని అడగడానికి వచ్చినవాణ్ణి, ఆ మాట వదిలేశాను. దాని బదులు ఇంకొకటి చెప్పాను. తేవద్దన్నది మీ మీద జాలితో ఒక్కటే కాదు మామ్మా, ఆ బియ్యం మేము తినడం మానేశాం, కోళ్ళకు వేశాం, ఆ తప్పు కప్పుకోవడానికి పుస్తకం చూపించాను అన్నాను. వేదిక మీద ఇన్నేళ్ళు మాట్లాడిన నాకు ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

మామ్మ చీపురుపుల్లతో బియ్యంలో పురుగును పక్కకు తోస్తూ కూర్చుంది. ఎంతసేపటికో, “కోళ్ళు తింటే గింజ పోలేదులెండి,” అంది. తరవాత మా ఆవిడ వైపు తిరిగి, “ఇంకనించి మీరే తినాలమ్మగారూ. ఆళ్ళకీ ఈళ్ళకీ పంచుతానంటే నేనివ్వను. వండి, అయ్యగారి కంచంలో పెట్టాలి,” అంది.

మా ఆవిడ చాట అడిగింది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఆ డబ్బా మొత్తం చెరిగారు, జల్లించారు, ఎండలో దుప్పటి మీద పోశారు. పురుగు తిన్న గింజలు పోగా సగానికి పైగా నిలిచాయి. మధ్యాహ్నం దాకా నేను ఆ దుప్పటి దగ్గర కూర్చుని పిచ్చుకల్ని తోలాను. నాకు అప్పజెప్పిన పని అది. ఆ బియ్యం బండి మీద పెట్టుకుని వంతెన దాటాం. ఎన్నిసార్లు కడిగినా కొంచెం వాసన ఉంది. మేమిద్దరం నెల పైగా అదే తిన్నాం.

మర్నాడు ఆదివారం చర్చిలో, నేను చెప్పింది తప్పని చెప్పాను. కోళ్ళ సంగతి కూడా దాచలేదు. కొందరి ముఖాలు ముడుచుకున్నాయి. అవి విప్పుకోవడానికి చాలా కాలం పట్టింది, ఒకటి రెండు కుటుంబాలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాయి. డ్రమ్ము మళ్ళీ పెట్టిస్తానన్నాను. అయ్యగారికి ఆకలేసినట్టుంది అని చేపలావిడ అనేసరికి కొంత నవ్వు వచ్చింది. ఆ రోజు మామ్మ వెనక గోడ దగ్గరే ఉంది.

ఆ పై ఆదివారం ముందు వరసలో కూర్చుంది. కీబోర్డు కట్టేయమని కుర్రాళ్ళకు చెప్పి, నేను హార్మోనియం ముందు కూర్చున్నాను. కానుకల వేళ వచ్చింది. శ్రుతి ఇవ్వలేదు. ఆమె ఎత్తుకుంది. అన్ని నెలలు పాడని గొంతు జీరబోయింది, రెండో పాదం దగ్గర ఊపిరి అందలేదు. నా వేళ్ళు మెట్ల మీదికి వెళ్ళాయి, అందివ్వాలని. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఆమె ఆగి, ఊపిరి తీసుకుని, అదే పాదం మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. అప్పుడు అందరూ కలిశారు. ఆమె లేచి నడిచింది. రేకు డ్రమ్ము అడుగున మొదటి బియ్యం పడిన చప్పుడు పాటలో కూడా వినిపించింది. ఆమె వెనక రెండో మనిషి మా ఆవిడ. వారమంతా మా ఇంట్లో కూడా గుప్పెడు తీసిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తరవాత ఆ పాట మామ్మ రెండేళ్ళు ఎత్తుకుంది. మొన్న కోతల కాలంలో ఒక గురువారం పోయింది. శుక్రవారం సమాధి చేశాం. నేను రాసిన పాటలు ఎవరో పాడారు. నేను పాడలేకపోయాను.

ఆదివారం కానుకల వేళకు ఎవరూ ఎత్తుకోలేదు. తరవాత చేపలావిడ లేచింది. ఆవిడ పాడగా ఎప్పుడూ వినలేదు. మోటు గొంతు, శ్రుతి ఎక్కడికో వెళ్ళింది, నేను మెట్లు వెతుక్కుంటూ వెనకాల వెళ్ళాను. ఆవిడ చేతిలో రెండు గుడ్డసంచులున్నాయి. రెండోది మామ్మది. ఆదివారం మధ్యాహ్నం నుంచి బుధవారం రాత్రి దాకా తీసిన గుప్పెళ్ళు అందులో ఉన్నాయి. రెండూ డ్రమ్ములో గుమ్మరించింది.

ఆ సాయంత్రం బియ్యం ఇంటికి వచ్చాక, డ్రమ్మును సంచిలోకి ఒంపేశాం కాబట్టి మామ్మవి పైనే ఉంటాయి, లావు గింజ, గుర్తుపట్టొచ్చు, అవి విడిగా తీసి వండమని మా ఆవిడను అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. చెయ్యి అడుగుదాకా పెట్టి ఒకసారి కలిపి, ఆ పూటకు కొలుచుకుని, అందులోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టి, మిగిలినవి కడిగింది.